పోస్ట్‌డాక్‌కి జర్మనీ పోతూ భార్యాబిడ్డల్ని వెంట తీసుకుపోవచ్చా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగారు: ఆక్వాకల్చర్‌లో పీహెచ్‌డీ అయింది, ఉత్తర జర్మనీలో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో రెండేళ్ళ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన పని) వచ్చింది. భార్య, మూడేళ్ళ పాప ఉన్నారు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక ఏజెంటు "ముందు మీరు విజిట్ వీసా మీద పోయి చేరండి, అక్కడే మార్చుకోవచ్చు. మేడం ఇక్కడ జర్మన్ పరీక్ష పాసై తర్వాత వస్తారు" అన్నాడట. నమ్మొచ్చా అని.

రెండు మాటలూ తప్పే. నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివి, రొయ్యల జబ్బుల మీద పని చెయ్యడానికి ఇదే దారిలో బ్రెమర్‌హావెన్ వచ్చాను. మా ఆయనా, మా బాబూ నాతోపాటే విమానం ఎక్కారు. మా ఆయన ఏ పరీక్షా రాయలేదు. అందుకే మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

ముందు విజిట్ వీసా సంగతి. ఏజెంటు చెప్పిన ఆ వీసానే షెంగెన్ వీసా అంటారు, తొంభై రోజుల్లోపు చూసి రావడానికి ఇచ్చేది. దాని మీద దిగి ఉద్యోగంలో చేరడం కుదరదు. వీసా లేకుండా దిగి, అక్కడే నివాస పర్మిట్‌కి పెట్టుకునే వెసులుబాటు అమెరికా, జపాన్ లాంటి కొన్ని దేశాల పాస్‌పోర్టులకే ఉంది, మనకి లేదు. పోతే డబ్బులు ఖర్చయి, మళ్ళీ చెన్నైలో జర్మనీ వీసా కౌంటర్ దగ్గర మొదటికి రావాల్సిందే.

మీకు కావాల్సింది జర్మనీ నివాస చట్టంలో 18డి సెక్షన్ కింద ఇచ్చే పరిశోధకుల వీసా. యూరోపియన్ యూనియన్ 2016లో పరిశోధకుల కోసం, విద్యార్థుల కోసం చేసిన ఉమ్మడి నిబంధనల నుంచి వచ్చిందిది. డెన్మార్క్, ఐర్లండ్ తప్ప మిగతా సభ్యదేశాలన్నీ అందులో ఉన్నాయి. దీనికి ప్రాణం హోస్టింగ్ అగ్రిమెంట్ అనే కాయితం. మీ ప్రాజెక్టు ఏమిటి, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, జీతం ఎంత అన్నది అందులో సంస్థ రాసి సంతకం పెడుతుంది. జర్మన్‌లో 'ఔఫ్‌నామెఫెరైన్‌బారుంగ్' (Aufnahmevereinbarung) అంటారు. ఆ మాట వాడి హెచ్‌ఆర్‌కి ఈ రోజే మెయిలు పెట్టండి. వాళ్ళంతట వాళ్ళు చాలాసార్లు ఉద్యోగ ఒప్పందం ఒక్కటే పంపుతారు. ఈ వివరాలన్నీ అందులోనే ఉంటే అదీ చెల్లుతుంది గానీ, విడిగా ఉంటే ఫైలు చూసేవాళ్ళకి అనుమానం మిగలదు. ఈ వీసాకి లేబర్ ఆఫీసు అనుమతి అక్కర్లేదు. బ్లూ కార్డుకి (డిగ్రీ ఉండి మంచి జీతం వచ్చేవాళ్ళకి ఇచ్చే పర్మిట్) ఉన్నట్టు కనీస జీతం హద్దు కూడా లేదు (2025లో ఆ హద్దు ఏడాదికి 48,300 యూరోలు). మీ కుటుంబం బతకడానికి జీతం సరిపోవాలి, అంతే.

ఇక మీ ఆవిడ పరీక్ష. 18డి మీద వచ్చే పరిశోధకుల భార్యకి గానీ భర్తకి గానీ ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ పరీక్ష నుంచి చట్టంలోనే మినహాయింపు ఉంది. ముగ్గురూ ఒకేసారి అప్లై చెయ్యొచ్చు, పర్మిట్ వచ్చాక ఆమె ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. పీహెచ్‌డీకి వచ్చేవాళ్ళు మాత్రం దీన్ని గట్టిగా చూసుకోవాలి. అదే ల్యాబు, అదే పని అయినా, 16బి విద్యార్థి పర్మిట్ మీద వస్తే ఈ మినహాయింపు వర్తించదు. ఏ సెక్షన్ కింద పెడుతున్నారో అడక్కుండా ఫారం మీద సంతకం పెట్టొద్దు. నిజానికి భార్యాభర్తల్ని ఏళ్ళ తరబడి విడదీసేది రూల్సు కన్నా ఇలాంటి సగం తెలిసిన సలహాలే. నాకు కోపం వచ్చేది అక్కడే.

వీసా ఫీజు పెద్దవాళ్ళకి 75 యూరోలు, పిల్లలకి 37.50. జర్మనీ వాళ్ళ కాన్సులర్ పోర్టల్లో కాయితాలు ఆన్‌లైన్‌లో పెట్టి, తర్వాత వేలిముద్రలకి చెన్నై వెళ్ళాలి. ఒక మార్పు గుర్తుంచుకోండి: వీసా కాదంటే ఉత్తరం రాసి మళ్ళీ చూడమని అడిగే పద్ధతిని 2025 జూలై నుంచి ఎత్తేశారు. ఇప్పుడు కోర్టుకైనా పోవాలి, కొత్తగానైనా అప్లై చెయ్యాలి. కాబట్టి మొదటి ఫైలే నిండుగా ఉండాలి.

ఫైలు మనవాళ్ళకి తేడా కొట్టేది పేర్ల దగ్గర. చెన్నై కౌంటర్లో కాయితాలు చూసే ఆమె మా ఆయన పాస్‌పోర్టునీ, పెళ్ళి సర్టిఫికెట్‌నీ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో ఒక్కో అక్షరం చూసుకుంటూ పోయింది. మా మామగారి పేరు పెంచలయ్య. ఇంగ్లీషులో పాస్‌పోర్టులో ఆ పేరు చివర ఐ-ఏ-హెచ్ ఉంది, పెళ్ళి సర్టిఫికెట్లో వై-వై-ఏ. పెన్ను అక్కడ ఆగిపోయింది. ఈ తేడాని మా అత్తమ్మ ఇంట్లోనే కనిపెట్టింది కాబట్టి, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకున్నాం. అది తీసిస్తే వెనకాల జతచేసి లోపలికి పంపింది. మీరూ టెన్త్ మెమో, డిగ్రీలు, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్ నేల మీద పరిచి చూసుకోండి. టెన్త్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో ఒక్క అక్షరమే ఉంటుంది. పాప బర్త్ సర్టిఫికెట్లో పేరు ఎక్కిందో లేదో కూడా చూడండి. పుట్టినప్పుడు పేరు లేకుండానే నమోదై ఉంటే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇప్పుడే చేర్పించండి.

అపోస్టిల్ (మన పత్రాలు విదేశాల్లో చెల్లడానికి ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద వేసే ముద్ర) చేయిస్తానని ఏజెంటు డబ్బులు అడిగితే, కాన్సులేట్ జాబితాలో అది ఉందో లేదో చూడకుండా ఇవ్వకండి. మన దేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది గానీ, మన చేరికకి జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకే రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం అమల్లో లేదు. కాన్సులేట్ జాబితాలో ఉన్నది చేస్తే చాలు.

దిగాక రెండు వారాల్లోపు అడ్రసు నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాయితం కావాలి. "నమోదు కుదరదు" అని చెప్పే గది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, ఆ నమోదు మీదే మిగతావన్నీ నడుస్తాయి. వీసా గడువు అయిపోకముందే పర్మిట్ కార్డుకి అప్లై చెయ్యండి. కార్డు ఆలస్యమైతే మధ్యలో ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు. అందులో 81(4) అన్న గడిలో టిక్కు ఉంటే దేశం దాటి తిరిగి రావచ్చు, 81(3) అయితే దాటితే తిరిగి రానివ్వరు. రొట్టెల పండక్కి ఊరికి రావాలనుకున్నప్పుడు నేను ఆ గడి చూసుకున్నాకే టికెట్టు కొన్నాను.

చివరిగా, మీ ఆఫర్ ఉద్యోగ ఒప్పందమా, స్టైపెండా? మీరు రాయలేదు. ఒప్పందమైతే పెన్షన్ కోత పడుతుంది, హెల్త్ ఇన్సూరెన్స్ జీతంతోపాటే నడుస్తుంది. 18డి వాళ్ళకి మూడేళ్ళ తర్వాత శాశ్వత నివాసం అడిగే వీలుంది, దానికి 36 నెలల పెన్షన్ కోతలు, బి1 స్థాయి (మధ్య మెట్టు) జర్మన్ కావాలి. స్టైపెండైతే ఆ నెలలు లెక్కలోకి రావు, ఇన్సూరెన్స్ మీరే చూసుకోవాలి. మీ రెండేళ్ళ పని పూర్తయ్యాక వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి తొమ్మిది నెలల దాకా పర్మిట్ ఇస్తారు, ఆ గడువులో కొత్త ఒప్పందం దొరికితే మిగిలిన పెన్షన్ నెలలు పూరించుకోవచ్చు. సంస్థ రెండిట్లో ఏదైనా ఇవ్వగలిగితే ఒప్పందమే అడగండి. వాళ్ళు ఏమన్నారో ఇక్కడే రాయండి, ఫైలు ఎలా పేర్చుకోవాలో దాన్నిబట్టి చెబుతాను.