తులాన్ని ప్రోటాన్లలోకి మార్చేటప్పుడు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

తులం ఎత్తుకు ఎన్ని ప్రోటాన్లు తూగుతాయో లెక్క కట్టడం ఎలా అని అడిగావు కదా. భాగహారం రెండు నిమిషాల పనే. ముందుగా ఏ తులమో తేల్చుకో. ఇవాళ సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో తులం బంగారం అడిగితే చాలామంది 10 గ్రాములే తూస్తారు. పాత తులం 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే బ్రిటిష్ వాళ్ల పాత చిన్న తూకం). గ్రెయిన్‌కు 0.06479891 గ్రాములు కాబట్టి 11.6638 గ్రాములు. దాదాపు ఆరో వంతు ఎక్కువ. ఇక్కడ పొరబడితే ప్రోటాన్ బరువు ఎనిమిది అంకెల దాకా వేసినా వృథాయే.

పాత లెక్కలో తులానికి 12 మాషాలు, మాషానికి 8 గురిగింజలు. అంటే 96 గింజలు, ఒక్కోటి 0.1215 గ్రాములు. ఇది పుస్తకంలోని గింజ. నల్లమచ్చ ఉన్న ఆ ఎర్రగింజలు నాలుగు తెచ్చి నగల కాటాలో విడివిడిగా పెట్టి చూడు, ఏ రెండూ ఒకలా తూగవు. గింజలతో తూచిన బరువైతే జవాబులో రెండంకెలు చాలు.

ఇక లెక్క. గ్రాములను కిలోల్లోకి మార్చు: 0.0116638. ప్రోటాన్ బరువు 1.67262 × 10⁻²⁷ కిలోలు. భాగిస్తే 6.973 × 10²⁴. గురిగింజ ఎత్తుకైతే 7.264 × 10²². ఎలక్ట్రాన్లలో కావాలంటే తిరిగి భాగించనక్కర్లేదు, ప్రోటాన్ ఎలక్ట్రాన్‌కు 1836.15 రెట్ల బరువు కాబట్టి 1836.15తో గుణించు, తులానికి 1.280 × 10²⁸ వస్తుంది.

క్యాలిక్యులేటర్‌లో ఘాతం మీట (EXP లేదా EE అని ఉండేది) నొక్కేముందు "× 10" కొట్టకు. ఆ మీటలోనే పది ఉంది. మళ్లీ కొడితే ప్రోటాన్ బరువు పదింతలై జవాబు పదోవంతుకు పడిపోతుంది. గ్రాములను కిలోల్లోకి మార్చడం మరిస్తే వెయ్యింతలు పెరుగుతుంది. జవాబు 10²⁷ దగ్గర తేలిందంటే అదే కారణం. పుస్తకంలో ప్రోటాన్ బరువును శక్తి ప్రమాణంలో చెప్పి 938.272 మెగా ఎలక్ట్రాన్ వోల్టులని ఉంటే, దాన్ని 1.78266 × 10⁻³⁰తో గుణిస్తే కిలోలొస్తాయి.

ఇంకొక్కటి, ఇది బాగా గుర్తుపెట్టుకో. పైన వచ్చింది తులం ఎత్తుకు సరితూగే ప్రోటాన్ల సంఖ్య. తులం బంగారంలో నిజంగా ఉన్న ప్రోటాన్లు వేరు. మేలిమి బంగారమైతే 11.6638ను బంగారం పరమాణు భారం 196.967తో భాగించి, అవొగాడ్రో సంఖ్య (ఒక మోల్‌లో ఉండే పరమాణువుల సంఖ్య) 6.02214 × 10²³తో గుణిస్తే 3.566 × 10²² పరమాణువులు. ఒక్కో దాంట్లో 79 చొప్పున 2.817 × 10²⁴ ప్రోటాన్లే. మిగతా బరువు దాదాపు అంతా న్యూట్రాన్లది. ప్రశ్న ఏది అడిగిందో చూసుకుని, జవాబు పక్కన "11.6638 గ్రాముల తులం" అని రాయి.

నీ పెదనాన్న