సుడోకు తర్వాత, ముందు మీ నాయన చెవులు చూపించండి

మీరడిగింది ఇదీ: అనంతపురం పక్క పల్లె, నాయనకు 72, అమ్మ పోయి రెండేళ్లయింది. రచ్చకట్ట మీదికి పోవడం మానేసినాడు, ఒకటి అడిగితే ఒకటి చెప్తున్నాడు, పేర్లు మరిచిపోతున్నాడు. ఫోన్లో ఏ మెదడు ఆటలు పెట్టించాలి, లేకుంటే బెంగళూరుకు తెచ్చిపెట్టుకోవాలా?

సుడోకు ఆడితే సుడోకు బాగా వస్తుంది, అంతే. మీరు రాసినదాంట్లో పట్టించుకోవాల్సింది పేర్లు మరవడం కాదు, కట్ట దిగిపోవడం.

పల్లెల్లో ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. సాయంత్రం వేపచెట్టు కింద నలుగురు. పక్కనే ట్రాక్టరు పోతాంటుంది. ఎవరో వేరుశనగ ధర అడుగుతూ "బుడ్డలు ఎంతకు పోయినాయి మామా?" అంటారు. మామకు "పోయినాయి" ఒక్కటే అందుతుంది. బస్సు సంగతి అనుకుని "ఏడున్నరకే పాయె" అంటాడు. అందరూ గొల్లుమంటారు. చిన్నప్పటినుంచి కలిసి తిరిగినోళ్ల నవ్వే అది, ఎగతాళి కాదు. అయినా మరుసటి రోజు మామ కట్ట చివర కూచుంటాడు. తర్వాత కొన్నాళ్లు అన్నిటికీ తలూపుతాడు. నెల తిరిగేసరికి "మోకాళ్లు నొప్పి" అని టీవీ ముందు చేరతాడు. "మామకు మతి తప్పుతాంది" అంటుంది కోడలు. చెవిలో పడని మాట గుర్తెట్లా ఉంటుంది?

వయసుతో ముందు తగ్గేది సన్న శబ్దాలు: స, ష, త, క లాంటివి. అచ్చులు బాగానే వినిపిస్తాయి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావడంలేదు" అంటారు. మనం గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, లాభం లేదు. ఎదురుగా కూచుని, మొహం కనబడేట్టు, నిదానంగా చెప్పాలి.

మరుపు జబ్బుల్లో (డిమెన్షియా) దాదాపు 45 శాతం, 14 కారణాలను చక్కదిద్దితే ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్కగట్టింది. అందులో వినికిడి లోపానికి 7 శాతం, నలుగురికీ దూరమవడానికి 5 శాతం. ఈ రెండూ వేరువేరు పద్దులుగా రాసినారు గానీ, పల్లెలో ఒకటి రెండోదాని వెంటబెట్టుకునే వస్తుంది.

కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా బోధనాసుపత్రులున్నాయి. ఈఎన్‌టీ దగ్గర ముందు గులిమి తీయించండి, అగ్గిపుల్ల పెట్టొద్దు. ఆ తర్వాతే ఆడియోమెట్రీ, అంటే ఎంత వినబడుతుందో కొలిచే పరీక్ష. చెవి మిషన్ రాస్తే, చాలా ఇళ్లల్లో అది వారానికే బీరువాలోకి పోతుంది. ఎందుకంటే తొలిరోజే కట్ట మీదికి పెట్టుకుపోతారు; ట్రాక్టరు, కుక్క, పదిమంది మాటలు ఒకేసారి మీదపడి తల దిమ్మెక్కుతుంది. మొదటి వారం ఇంట్లోనే, రోజుకు గంటా రెండు గంటలు, ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు పెట్టండి. తర్వాత పెంచుకుంటూ పోండి. మిషన్లో వేసే బిళ్ల సెల్లు స్టిక్కరు పీకినాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి, ఆ సెల్లు గాలితోనే పనిచేసేది. స్టిక్కరు రంగు చూసి కొనండి: నారింజ 13, నీలం 675. రాత్రి సెల్లు మూత తెరిచిపెట్టాలి. మిషన్ కుయ్‌మని కూస్తే చెవిలో పెట్టే బుడిపె సరిగ్గా కూచోలేదనో, గులిమి అడ్డమనో అర్థం.

మిషన్ పెడితే మతి తిరిగొస్తుందని చెప్పను. 2023లో అమెరికాలో మూడేళ్లపాటు చేసిన పరీక్షలో మిషన్ పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ మతి విషయంలో మొత్తం మీద తేడా తేలలేదు. ముప్పు ముందే ఎక్కువున్నవాళ్లలో మాత్రం క్షీణత 48 శాతం తగ్గింది. నాకది చాలు. మీ నాయన ఏ గుంపులో ఉన్నా, కట్ట మీద జవాబు తప్పకుండా చెప్పగలిగితే మళ్లీ ఎక్కుతాడు.

అక్కడ పులిజూదం ఉండనే ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. ఏ మేక వెనక ఖాళీ వదిలితే పులి దూకుతుందో మనసులో పెట్టుకోవాలి, అదే సమయంలో ఎదుటోడి మొహం చూడాలి, వాడి ఎత్తిపొడుపుకు జవాబు ఇవ్వాలి. ఫోన్లో ఓడిపోతే "ఏం మామా, నిద్రపోయినావా?" అని అడిగే దిక్కుండదు. అవ్వలకైతే విత్తనం బుడ్డలు వొలిచే పని ఉండేది. పదిమంది చుట్టూ కూచుని, వేళ్లు పనిచేస్తుండగా ఊరంతా తిరగేసేవాళ్లు. వొలిచే మిషన్లొచ్చి ఆ కూటమి చెదిరింది. పింఛనూ అంతే. ఇంటికే తెచ్చిస్తున్నారు, నడవలేనివాళ్లకు మేలే. నడవగలిగినవాళ్లకు మాత్రం నెలకోసారి వరసలో నిలబడి తిట్టుకుంటూ మాట్లాడుకునే రోజు పోయింది.

ఇంక బెంగళూరు. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీ డాక్టరు సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మరుపు జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది, చదువురానివాళ్లలో కూడా. మన రాయదుర్గం, మడకశిర పక్క కన్నడం, కడప, ఆదోనిలో ఉర్దూ ఎవరూ నేర్పకుండానే వచ్చేవి. సంతలో కన్నడంలో బేరమాడిన మనిషిని ఎనిమిదో అంతస్తులో పెడితే, పగలంతా తెలుగు మాట్లాడేవాళ్లు కూడా దొరకరు. తీసుకుపోవాల్సివస్తే కింద పార్కులో ఆయన ఈడువాళ్లు ఇద్దరిని ముందే చూసిపెట్టుకోండి. ఆ పని మీదే, ఆయనది కాదు.

ఒకటి మాత్రం ఆలస్యం చేయొద్దు. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క తప్పడం మొదలైతే న్యూరాలజీకి పోండి. బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు అడగండి, అవి సరిచేయగలిగేవి. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడితే అది వయసు కాదు, ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్త మాత్రో. కిందపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మగతగా ఉంటే అదే రోజు స్కాన్ తీయించండి.