నాన్న తీసుకెళ్తే మంచు పడదా?

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకి 8, పాపకి 5 ఏళ్లు. స్కూలు నుంచి రాగానే టీవీ, లేకపోతే ఫోను. చలికాలమైనా సరే, సాయంత్రం ఓ గంట వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తీసుకెళ్దామనుకుంటాను. ఇంటికి దగ్గరే. "మంచు పడే వేళ పిల్లల్ని బయట తిప్పుతావా" అని అత్తయ్య వద్దంటారు. మా వారేమో "అమ్మ వద్దంటోంది కదా, ఎందుకు గొడవ" అంటారు. కిందటి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆయనే ఇద్దరినీ బండి మీద మిర్చీ బజ్జీలకి తీసుకెళ్లారు. అత్తయ్య మంకీ టోపీలు పెట్టి పంపారు. మర్నాడు పాప "నాన్న తీసుకెళ్తే మంచు పడదా?" అనడిగింది. చలికాలంలో పిల్లల్ని ఏ టైములో బయటికి తీసుకెళ్తే మంచిది?

జవాబు: మీరడిగిన దానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. డిసెంబర్‌లో మీ ఊళ్లో 5:40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఐదుంపావుకి బయల్దేరి ఆరున్నరకల్లా ఇల్లు చేరండి. మామూలు రోజుల్లో ఆ వేళకి 20 డిగ్రీల పైనే ఉంటుంది. మంచు చిక్కబడేది తెల్లవారుజామున. జలుబు తెచ్చేది వైరస్, అది తలుపులు బిగించిన గదిలో ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. స్వెట్టర్, నిండు చేతుల చొక్కా, కాళ్లకి సాక్సులు చాలు. సాక్సులు చలికన్నా చెరువు దోమల కోసం. చెత్త తగలబెట్టే వీధి వైపు వెళ్లకండి, చలికాలం సాయంత్రాలు ఆ పొగ పైకి పోకుండా కిందే నిలుస్తుంది. పిల్లల్లో ఎవరికైనా ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే వెళ్లండి.

ఇవేవీ మీకు తెలియక రాశారని నేననుకోను. ఆ ఉత్తరంలో అసలు ప్రశ్న అడిగింది మీ పాప. తొమ్మిదింటి చలిలో, బండి మీద ఎదురుగాలిలో వెళ్తే టోపీతో సరిపోయింది. ఆరింటికి అమ్మ చెయ్యి పట్టుకుని నడిస్తే మాత్రం జబ్బు చేస్తుందట! ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఐదేళ్ల పిల్ల లెక్క కట్టేసుకుంది. జలుబు వారంలో పోతుంది. ఈ లెక్క దాని బుర్రలో ఉండిపోతుంది, నా భయం అదీ.

అత్తగారి మీద నాకు కోపం లేదు. దగ్గు ముదిరితే డాక్టరు అందని రోజులు చూసిన తరం. ఆవిడ భయం ఆవిడది, దాన్ని పైకే చెబుతున్నారు. మీ వారు మాత్రం ఏమీ చెప్పరు. కట్ట మీదికి అనగానే తల్లి మాట జవదాటని కొడుకైపోతారు. బజ్జీలు తినాలనిపిస్తే ఆ తల్లినే అడగక్కర్లేదు! తల్లిని గౌరవించాలనే నేనూ అంటాను. అడ్డం పెట్టుకోవడం గౌరవం కాదు.

ఇందులో మీ తప్పూ ఉంది. చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి "వెళ్లి రానా అత్తయ్యా" అని అడుగుతుంటారని పందెం కాస్తాను. ఇద్దరు పిల్లల తల్లికి చెరువు కట్ట దాకా వెళ్లడానికి పర్మిషన్ ఏమిటండీ? పెద్దావిడకి చెప్పి వెళ్లడం మర్యాద, చెప్పండి. "అత్తయ్యా, కట్ట దాకా వెళ్తున్నాం, ఆరున్నరకి వచ్చేస్తాం" అనండి, వెళ్లండి.

అక్కడికెళ్లి ఏం చేయించాలా అని ప్లాన్లు వేయకండి. ఉడకబెట్టిన పల్లీలు ఓ డబ్బాలో పట్టుకెళ్లండి. గూటికి చేరే కొంగల్ని లెక్కపెట్టనివ్వండి, మధ్యలో లెక్క తప్పి అన్నాచెల్లెళ్లు కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి. మొదటి చుక్క ఎవరు చూస్తే వాళ్లకి నాలుగు పల్లీలు ఎక్కువ. నీళ్ల అంచుకి మాత్రం పోనివ్వకండి. మీ ఫోను బ్యాగులోంచి బయటికి రాకూడదు, ఫొటోలకి కూడా.

మీ వారిని ఇప్పుడే వెంట పిలవకండి. అందరూ కలిసి వెళ్తే ముచ్చటగా ఉంటుందని చాలామంది చెబుతారు. కానీ ఆయనొస్తేనే మీరు గడప దాటగలిగితే మీ పరిస్థితి మారినట్టు కాదు. ఓ నెల మీరే వెళ్లండి. పిలవాల్సింది అత్తగారిని. మోకాళ్లు సహకరించకపోతే డాబా మీదికైనా సరే. ఏడింటికి తూర్పున, ఆకాశంలో సగం ఎత్తున చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. ఆవిడకి తెలిసే ఉంటుంది, మనవలకి ఆవిడే చూపించాలి.

ఇక మీ వారితో మాట్లాడటం. ఇది ముందు జరగాలి, అత్తగారి ఎదుట కాదు, పిల్లలు పడుకున్నాక. తల్లితో ఆయనే ఒక మాట అనాలి. "నేనే పంపిస్తున్నానమ్మా" అంటే కుదరదు, అది మళ్లీ ఆయన పర్మిషనే అవుతుంది. "పిల్లల సంగతి తనకి తెలుసమ్మా" అనాలి. రెండోది ఇంకా ముఖ్యం. మీరు కట్ట మీదికి వెళ్లినా వెళ్లకపోయినా ఈ చలికాలంలో ఏదో ఒక రోజు పిల్లల ముక్కు కారుతుంది. "నేను చెప్పలేదూ" అని అత్తగారంటారు. ఆ క్షణాన ఆయన మీ వైపు చూడకూడదు. లేచి పిల్ల ముక్కు తుడవాలి, రాత్రి దగ్గితే మీతో పాటు మేలుకోవాలి.

"ఎందుకు గొడవ" అని ఆయన మళ్లీ అంటారు. అనగానే వంటింట్లోకి వెళ్లిపోకండి. గొడవేం అక్కర్లేదు, ఈ రెండింటికీ మాటివ్వండి చాలని చెప్పి, ఇచ్చేదాకా అక్కడే కూర్చోండి.