డాక్టర్ సలహా: నాన్న తాగుడు మానేసి మూడేళ్ళైంది, నాకు మాత్రం గేటు చప్పుడైతే ఇంకా గుండె దడే

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు డాక్టర్ గారూ. మాది తెనాలి దగ్గర ఊరు, హైదరాబాద్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. చిన్నప్పుడు నాన్న బాగా తాగేవారు, రాత్రి పదిన్నర పదకొండుకి వచ్చి అమ్మని కొట్టేవారు. బండి ఆపే తీరుని బట్టి ఆరోజు ఎంత తాగారో నాకు తెలిసిపోయేది. గేటు గొళ్ళెం చప్పుడు వినగానే తమ్ముణ్ణి లేపి పెరటి వైపు నుంచి పక్కింటి పిన్నిగారింటికి తీసుకెళ్ళేదాన్ని, వెళ్ళేముందు కత్తిపీట, అప్పడాలకర్ర బియ్యం డబ్బా వెనక దాచేసేదాన్ని. మూడేళ్ళ క్రితం నాన్నకి స్టెంట్ వేశారు, అప్పట్నుంచి మానేశారు, ఇప్పుడు చాలా మంచిగా ఉంటారు. కానీ నాకే బాలేదు. టీమ్ లీడ్ "ఒకసారి కాల్ చెయ్" అని మెసేజ్ పెడితే చేతులు వణుకుతాయి, హాస్టల్లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే గుండె దడ, కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది. పన్నెండు దాటితే గానీ నిద్ర పట్టదు. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్, గ్యాస్ అని మాత్రలు ఇచ్చారు. రూమ్మేట్ చెబితే టెన్షన్ తగ్గించే ఆల్ప్రాజోలం మాత్ర వేసుకుంటున్నా, మొదట 0.25 మిల్లీగ్రాములు, ఇప్పుడు 0.5. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అబ్బాయి ఫోటో చూస్తేనే భయమేస్తోంది. నాన్న ఫోన్ చేసి "తిన్నావా అమ్మా" అంటే చిరాకు, ఫోన్ పెట్టేశాక ఏడుపు. అమ్మేమో మనిషి మారాడు కదా ఇంకా తవ్వుకోవడం ఎందుకు అంటుంది. ఒక్కోసారి పొద్దున్నే లేవకపోయినా బాగుండు అనిపిస్తుంది. ఇది జబ్బా, లేక నా బుర్రే ఇంతా? (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు రాశారే, పొద్దున్నే లేవకపోయినా బాగుండు అని, ముందు దాని సంగతి చూద్దాం. సైకియాట్రిస్టులం ఆ మాటని మాటవరసకి తీసుకోం. ఇలా అనిపించేవాళ్ళందరూ ఏదో చేసుకుంటారని కాదు, చాలామందికి అది చచ్చిపోవాలని కాదు, ఈ అలసట ఇంక చాలు అని. అయినా సరే ఈరోజే ఒక మనిషికి చెప్పి ఉంచండి, రూమ్మేట్‌కైనా సరే. ఆ ఆల్ప్రాజోలం స్ట్రిప్పులు గదిలో కట్టలు కట్టలు పెట్టుకోవద్దు. రాత్రిపూట మనసు మరీ పాడైతే 14416 కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎలా చేసుకోవాలి అన్న ఆలోచన వరకు వెళ్తే మాత్రం ఫోన్లూ అపాయింట్‌మెంట్లూ కాదు, ఆ రాత్రే ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళిపోండి.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు రాసినదాంట్లో రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూడండి, మీకు తెలీకుండానే జవాబు మీరే రాసేశారు. నాన్న పదిన్నర పదకొండుకి వచ్చేవారు అన్నారు. ఇంకోచోట పన్నెండు దాటితే గానీ నిద్ర పట్టదు అన్నారు. ఏడెనిమిదేళ్ళ పిల్ల ఇంటికి నైట్ వాచ్‌మన్ డ్యూటీ చేసిందమ్మా, బండి చప్పుడు వినాలి, తమ్ముణ్ణి లేపాలి, కత్తిపీట దాచాలి, ఇవన్నీ అయ్యి ఇల్లు సద్దుమణిగాకే కన్ను మూయాలి. ఆ డ్యూటీ నుంచి మిమ్మల్ని ఎవరూ దింపలేదు. నాన్న తాగుడు మానేశారన్న సంగతి మీకు తెలుసు, మీ ఒంటికి ఇంకా చేరలేదు. తెనాలిలో గేటు కాస్తా హైదరాబాద్‌లో హాస్టల్ తలుపైంది, నాన్న బండి కాస్తా టీమ్ లీడ్ మెసేజ్ అయింది, అంతే తేడా.

మెదడులో అమిగ్డలా అని ఉంటుంది, బాదం గింజంత, ప్రమాదం వస్తోందని గంట కొట్టడమే దాని పని. చిన్నప్పుడు రోజూ భయంలో పెరిగిన పిల్లల్లో అది చీమ చిటుక్కుమన్నా గంట కొట్టడం నేర్చుకుంటుంది. గంట మోగిందంటే ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు దూకుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరగడం పక్కన పడేసి ఒళ్ళు పరుగుకి రెడీ అవుతుంది. మీ కడుపులో మెలి అదే. గ్యాస్ మాత్రతో అది తగ్గకపోవడంలో వింతేం లేదు, గ్యాస్ ఉంటే కదా. ఈసీజీ తీయించడం, థైరాయిడ్ చూపించడం తప్పు కాదు, చేయాల్సిందే, కానీ రిపోర్టులు నార్మల్ రాగానే "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపించేస్తాం చూడండి, అది మాత్రం మా డాక్టర్ల తప్పే. చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది అని ఒక్క ప్రశ్న అడగడానికి మాకు టైముండదు, నిజం చెప్పాలంటే ధైర్యం కూడా ఉండదు, అడిగితే మనిషి ఏడుస్తారు, బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉంటారు.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు అమెరికాలో ఉన్నారు. 1998లో వచ్చిన ఏస్ స్టడీ అని, ఏస్ అంటే చిన్నతనంలో పడ్డ చేదు అనుభవాలు, శాన్ డియాగోలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మీ చిన్నతనంలో ఇంట్లో ఏం జరిగింది అని అడిగి వాళ్ళ ఇప్పటి ఆరోగ్యంతో పోల్చి చూశారు, మొత్తం మీద 17 వేల మందికి పైనే. వాళ్ళంతా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు, ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి, పూటకి లేని ఇళ్ళేం కాదు. అయినా చిన్నప్పుడు నాలుగు రకాల కష్టాలో అంతకంటే ఎక్కువో పడ్డవాళ్ళలో డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం లాంటివి ఏ కష్టం లేకుండా పెరిగినవాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ కనిపించాయి, గుండె జబ్బులు కూడా ఎక్కువే. ఆ లిస్టులో పిల్లల మీద చెయ్యి పడటమే కాదు, ఇంట్లో తాగుబోతు ఉండటం ఒకటి, అమ్మని కొడుతుంటే చూడటం ఇంకొకటి. ఇది ఎందుకు చెప్తున్నానంటే "నాన్న నన్నెప్పుడూ కొట్టలేదు, నాకెందుకు ఇలా" అనేవాళ్ళని రోజూ చూస్తుంటాను. దెబ్బ అమ్మకి తగిలినా భయం పిల్లలకే కదా. మన దగ్గర కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో చేయించి 2007లో బయటపెట్టిన సర్వేలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే, ఆ రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నెట్‌లో ఆ ఏస్ స్కోర్ టెస్టులు దొరుకుతాయి, చేసుకుని నాకు నాలుగొచ్చింది అయిదొచ్చింది అని బెంబేలెత్తకండి, అదేం జాతకం కాదు, వేలమంది లెక్క అది, ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మనిషి ఒకరున్నారు, పక్కింటి పిన్నిగారు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసి ఇద్దరు పిల్లల్ని లోపలికి పిలిచి ఎందుకొచ్చారు అని అడగకుండా పడుకోబెట్టిన మనిషి. హవాయి దీవుల్లో కవాయ్ అనే చోట 1955లో పుట్టిన దాదాపు 700 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా, నడివయసు దాకా చూస్తూ వచ్చారు. ఇంట్లో గొడవలు, పేదరికం, తాగుడు మధ్య పెరిగిన పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు, వాళ్ళలో మాటిమాటికీ కనిపించిన సంగతేంటంటే నమ్ముకోవడానికి ఒక పెద్దమనిషి ఉండటం, అమ్మమ్మో టీచరో పక్కింటావిడో. మీరు డిగ్రీ పూర్తి చేసి, ఊరు దాటి వచ్చి, ఉద్యోగం చేస్తూ, ఇవాళ కూర్చుని ఇంత వివరంగా రాయగలిగారంటే అందులో ఆవిడ వాటా ఉంది. ఆవిడ ఇంకా అక్కడే ఉంటే ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి, ట్రీట్‌మెంట్ కోసం కాదు, ఊరికే.

జబ్బా అంటే, ఉత్తరం చూసి పేరు పెట్టేయను. యాంగ్జైటీ, డిప్రెషన్, పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత ఆ భయం వదలకుండా ఉండిపోయే జబ్బు) మూడూ కలగలిసి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి తప్పించుకోలేని చోట జరిగినవాటి వల్ల వచ్చేదానికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని డబ్ల్యూహెచ్ఓ జబ్బుల కొత్త లిస్టులో వేరే పేరే పెట్టింది, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. కూర్చుని మాట్లాడి చూస్తేనే ఏదో తేలేది. ఏదైనా గానీ వైద్యం ఉంది, మీ బుర్రే అంత అనుకోవాల్సిన పని లేదు.

ఆల్ప్రాజోలం సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. 0.25 చాలక 0.5కి వెళ్ళారంటే ఒళ్ళు దానికి అలవాటు పడుతోందని, మందు దిగగానే భయం ఇంకాస్త పెరిగి వస్తుంది, అప్పుడు ఇంకోటి వేసుకోవాలనిపిస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేదీ ఇదే మందు, దాడులు జరిగి కల్లు ఆగిపోయినప్పుడు జనం వణుకుతూ, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపిస్తున్నాయంటూ ఆసుపత్రులకి వచ్చారు. మీ డోసు దానితో పోల్చదగ్గది కాదు, అయినా ఇది చదివి భయపడి రేపటి నుంచి టక్కున ఆపేయకండి, అదీ ప్రమాదమే. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అది వేసుకుంటూ మద్యం అస్సలు తాగకూడదు. ఇలాంటి వాటికి మేం సాధారణంగా వాడేది సెర్ట్రలిన్ లాంటివి, అవి వేసిన రోజే పనిచేయవు, తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం కాస్త వికారం ఉండొచ్చు, ఆల్ప్రాజోలం లాగా అలవాటు పడిపోయే మందులు కావు, కానీ వాటినీ సొంతంగా ఆపకూడదు. మీకు మందు అవసరమా లేదా చూసిన డాక్టరే చెప్పాలి.

అసలు పని థెరపీలో జరుగుతుంది. ట్రామా ఫోకస్డ్ సీబీటీ అని ఒకటి, ఆ పాత భయం చుట్టూ అల్లుకున్న ఆలోచనల్ని మాట్లాడి మార్చేది, ఈఎమ్‌డీఆర్ అని ఒకటి, రెంటినీ డబ్ల్యూహెచ్ఓ సూచించింది. ఈఎమ్‌డీఆర్‌లో ఆ జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని థెరపిస్ట్ వేలు అటూ ఇటూ కదుపుతుంటే చూపుతో ఫాలో అవ్వాలి, వినడానికి కనికట్టులా ఉంటుంది, మొదట్లో నాకూ నవ్వొచ్చింది, తర్వాత పేషెంట్లని చూసి నోరు మూసుకున్నాను. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఆర్సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టా కాదా అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, ఈ మధ్య నెల రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి ట్రామా హీలర్ అని బోర్డు పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఖర్చు భారం అనుకుంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంటుంది. ఆ పేరు వింటే మనవాళ్ళకి నవ్వులాట, సినిమాల పుణ్యమా అని, కానీ అక్కడి ఓపీ లైన్లో నిలబడేవాళ్ళలో మీలాగా ఐడీ కార్డు మెడలో వేసుకున్నవాళ్ళూ ఉంటారు.

అపాయింట్‌మెంట్ దొరికే లోపు రెండు చిన్న పనులు చేయండి. టీమ్ లీడ్ మెసేజ్‌కి వచ్చే సౌండ్ మార్చేయండి, చిన్న విషయంలా ఉంటుంది గానీ ఒళ్ళు గుర్తుపట్టేది సౌండ్‌నే. రెండోది, దడ మొదలైతే గాలి పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా ఊపిరి తీసుకోండి, నాలుగు అంకెలు లెక్కపెట్టి పీల్చి ఆరేడు లెక్కపెట్టి వదలాలి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, ఇది తెనాలి కాదు, ఇది హాస్టల్, ఇప్పుడు తలుపు వేసింది పక్క రూమమ్మాయి అని పైకే అనుకోండి. పిచ్చి పనిలా ఉన్నా చేయండి.

నాన్నగారి గురించి. ఆయన మారడం నిజం, మీకు జరిగిందీ నిజం, ఒకటి రెండోదాన్ని చెరిపేయదు. ఇప్పుడు "తిన్నావా అమ్మా" అని అడుగుతుంటే మీకు చిరాకు ఎందుకొస్తుందంటే, ఆ మాట అడగాల్సిన రోజుల్లో మీరు పక్కింట్లో చాప మీద ఉన్నారు కాబట్టి. ఆ ఏడుపు పోయినవాటి కోసం, దాంట్లో తప్పు లేదు. క్షమించాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ తీరిక, అది ట్రీట్‌మెంట్‌లో భాగం కాదు, క్షమిస్తేనే తగ్గుతుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి. అమ్మ "తవ్వుకోవడం ఎందుకు" అంటున్నారంటే ఆవిడ అన్నేళ్ళూ అలా పూడ్చిపెట్టుకునే బతికారు మరి, ఆవిడకి అంతకంటే దారి లేదు. ఆవిడతో వాదన పెట్టుకోవద్దు, ఆవిడ ఒప్పుకుంటేనే వెళ్తానని ఆగనూ వద్దు. తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడో ఒక్క ముక్క రాయలేదు మీరు, ఒకసారి కనుక్కోండి, మగపిల్లలు దడ అని చెప్పరు, బైకు స్పీడుగానో సీసాతోనో చెప్తారు.

పెళ్ళి ఇప్పుడు వద్దని నేను అనను, భయంతో వద్దనడం, భయపడి ఊఁ అనడం రెండూ వద్దంటాను. ఇంట్లో ఆర్నెల్లు టైమ్ అడగండి, కారణం ఉద్యోగం అని చెప్పుకున్నా పరవాలేదు. "పెళ్ళైతే అన్నీ అవే సర్దుకుంటాయి" అనే అత్తయ్యలూ బాబాయిలూ ఉంటారు, పెళ్ళి మందు కాదు, ఎవరో కొత్త అబ్బాయి మీ నిద్ర తెచ్చిపెట్టలేడు. ఫోటో చూసి మనిషి ఎలాంటివాడో చెప్పలేం గానీ, కోపమొస్తే ఎలా ఉంటాడు, తాగుతాడా అని సూటిగా అడిగే హక్కు మీకుంది. వచ్చే అబ్బాయికి ఇదంతా మొదటి రోజే చెప్పాలన్న రూలు లేదు, నమ్మకం కుదిరాక మీ ఇష్టమొచ్చినంత చెప్పుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళినప్పుడు నోరు పెగలదు, అందరికీ అంతే, బయట ఎంత ప్రాక్టీస్ చేసుకున్నా లోపలికి వెళ్ళగానే "నిద్ర పట్టట్లేదండీ" అని మాత్రమే వస్తుంది. అందుకని నాకు రాసిన ఈ ఉత్తరమే ప్రింట్ తీసుకుని చేతిలో పెట్టేయండి, వాళ్ళు చదువుకుంటారు. పాత రిపోర్టులు, ఆ ఆల్ప్రాజోలం స్ట్రిప్ కూడా బ్యాగ్‌లో వేసుకోండి, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో తగ్గించకుండా చెప్పండి.