ఫ్రీ టూరుకు పోతున్నావా? జేబులో చిల్లర పెట్టుకో

ప్రశ్న: మాది కర్నూలు, బుధవారపేట. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో బోస్టన్ పోతున్నాను. అక్కడ డౌన్‌టౌన్‌లో ఊరి చరిత్ర చెబుతూ నడిపించే టూర్లుంటాయట, కొన్ని ఫ్రీ అట. పోదగ్గవేనా అన్నా?

జవాబు: పోదగ్గవే నాయనా. కానీ ఆ ‘ఫ్రీ’ అన్న మాట దగ్గరే నేను బోర్లా పడ్డాను, కాబట్టి ముందు ఆ సంగతి విను.

2004లో నేను దిగేటప్పటికి డాలరు 45 రూపాయలు. కాఫీ కొట్టు ముందు నిలబడి ధరను 45తో హెచ్చవేసుకుని, ఈ డబ్బుతో మా ఇంట్లో అందరూ దోసెలు తినొచ్చు కదా అనుకుని, గుటక మింగి వచ్చేసేవాణ్ణి. అట్లాంటివాడికి ఒక ఆదివారం ‘ఫ్రీ వాకింగ్ టూర్’ అన్న బోర్డు కనబడింది. ఇంకేముంది, గదిలో ఉన్న ఇద్దరినీ లేపి లాక్కుపోయాను.

గైడు కుర్రాడు మంచి మాటకారి. బోస్టన్ కామన్ పచ్చికలో మొదలుపెట్టాడు. గ్రానరీ శ్మశానంలో, బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ పాల్ రెవీర్, శామ్యూల్ ఆడమ్స్ సమాధులు చూపించాడు. ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ ముందు ఆగి, 1773 డిసెంబర్ 16న ఇక్కడ ఐదువేల మంది పోగయ్యారనీ, బ్రిటిష్‌వాళ్ల టీ పన్ను మీద కోపంతో ఆ రాత్రే రేవులో 342 పెట్టెల తేయాకును నీళ్లపాలు చేశారనీ చెప్పాడు. ఆ సరుకు ఎవరిదనుకున్నావు? ఈస్టిండియా కంపెనీది. ఆ మాట అంటూ నావైపు తిరిగి, మీదే ఊరు అని అడిగాడు. కర్నూలంటే వివరించాల్సి వస్తుందని హైదరాబాద్ అనేశాను. మన కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో గద్దె దించి తిరుచిరాపల్లికి తరలించింది ఆ కంపెనీయే అని చెప్పి ఉంటే అందరూ నా చుట్టూ మూగేవాళ్లు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా! నువ్వు మాత్రం విమానం ఎక్కేలోపే ఆ నాలుగు ముక్కలూ చదువుకునిపో. 1953 నుంచి మూడేళ్లు రాజధానిగా ఉన్న ఊరు మనది, డేరాల్లో ఆఫీసులు నడిచాయి.

చివరికి ఓల్డ్ స్టేట్ హౌస్ దగ్గరికి చేరాం. 1713 నాటి ఇటుకల కట్టడం. చుట్టూ అద్దాల ఆఫీసులు, అడుగున మెట్రో స్టేషను. దాని ముందు నేలమీద గుండ్రంగా రాళ్లు పరిచి ఉంటాయి. 1770 మార్చి 5న బ్రిటిష్ సిపాయిలు జనం మీద కాల్పులు జరిపి ఐదుగురిని చంపినదానికి గుర్తు. అది చూపించి కుర్రాడు టోపీ తీశాడు. ‘నచ్చితే మీకు తోచింది ఇవ్వండి’ అన్నాడు.

జనం నోట్లు మడిచి టోపీలో వేస్తున్నారు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేను షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, వంగినవాణ్ణి వంగినట్టే మెట్రో మెట్ల వైపు జారుకున్నాను. వాళ్లిద్దరూ నా వెనకే. రైల్లో పడీపడీ నవ్వుకున్నాం కూడా. ఆ కుర్రాడికి జీతమంటూ లేదని, టోపీలో పడిందే ఆ పూట సంపాదన అని తర్వాతెప్పుడో తెలిసింది.

సరే, బుద్ధొచ్చింది. మరుసటి ఏడాది ఫానియల్ హాల్ దగ్గర నేషనల్ పార్క్ సర్వీస్ రేంజరు చెప్పే టూరుకు పోయాను. బూడిదరంగు చొక్కా, వెడల్పాటి అంచు టోపీ, పెద్దావిడ. టూరు అయిపోగానే అందరికంటే ముందు ఉరికి 20 డాలర్ల నోటు చాచాను. ఆవిడ నవ్వి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. గవర్నమెంటు ఉద్యోగులు తీసుకోకూడదట. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. కానీ ఆ నోటు మళ్లీ జేబులో పెట్టుకున్నాక, అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది. తొమ్మిది వందల రూపాయలు!

కాబట్టి రేంజరు టూరు నిజంగానే ఫ్రీ. టోపీ తీసేవాళ్లది పేరుకే ఫ్రీ; నేనైతే మనిషికి 15 డాలర్లు అనుకునే ఇల్లు కదులుతాను. మూడు మూలల టోపీలు, పాతకాలపు కోట్లు వేసుకుని తిప్పేవాళ్లకు ముందే టిక్కెట్టు కొనాలి. వేళలు, రేట్లు నెట్‌లో ఉంటాయి, చూసుకో. ఇవేవీ వద్దంటే, ఫ్రీడమ్ ట్రెయిల్ అని ఫుట్‌పాత్ మీద ఎర్రగీత ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు, 16 చోట్లు. గీత వెంబడి నడుచుకుంటూ పోతే పైసా ఖర్చు లేదు, షూ అరుగుదల తప్ప. కాకపోతే కథ చెప్పే మనిషి ఉండడు. మీ తరానికి ఫోన్ చాలనుకుంటారు, ఫోన్‌తో వచ్చే తలనొప్పి ఆ గీత మీద రెండుసార్లు అటూ ఇటూ నడిచాక నీకే తెలుస్తుంది.

ఇది రాస్తున్నది కర్నూల్లో మా మిద్దె మీద కూర్చుని. నిన్న మా అమ్మాయిని కొండారెడ్డి బురుజుకు తీసుకుపోయాను. అక్కడ కూర్చున్న ఒక తాత మమ్మల్ని పిలిచి, ఇక్కణ్ణుంచి తుంగభద్ర కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందని అరగంట చెప్పాడు. అంతా అయ్యాక నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని టీ కొట్టు దగ్గరికి లాక్కుపోయి, మా ఇద్దరికీ టీ చెప్పి, డబ్బులు కూడా తనే ఇచ్చాడు. ఎంతైందో నేను చూడనట్టే నిలబడి, డాలర్లలో లెక్క కట్టుకున్నాను.

అన్నట్టు, ఐదు డాలర్ల నోట్లు నాలుగైదు విడిగా పెట్టుకో. టోపీలో 20 వేసి చిల్లర అడిగిన మనవాణ్ణి కూడా చూశాను.