ఆరడుగుల ట్యాంకుకి ఈఎంఐ వద్దు

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం రెండడుగుల ట్యాంకు కొని ఆరు సిల్వర్ డాలర్ చేపలు వేశాం. అప్పుడు నాణెమంత ఉండేవి, ఇప్పుడు అరచేయంత అయ్యాయి. మొక్కలన్నీ తినేశాయి. వాటితో పాటు వేసిన నియాన్ టెట్రా అనే చిన్న చేపలు ఒక్కటీ మిగల్లేదు. ఆరడుగుల ట్యాంకు తీసుకుని, రెండు ఆస్కార్ చేపలు కూడా వేద్దామనుకుంటున్నాం. క్రెడిట్ కార్డు మీద 24 నెలల ఈఎంఐ ఇస్తామన్నారు. పాత ట్యాంకు బకాయి కార్డులో ఇంకా కొంత ఉంది. ఒక నెల ఖర్చులకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఉన్నాయి. ఈఎంఐకి వెళ్లమంటారా, డిపాజిట్ తీసేయమంటారా?

జవాబు: రెండూ వద్దండి.

చేపల ప్రశ్న ఈ డబ్బు శీర్షికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మీరు చేసిన పొరపాటు నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేస్తున్నదే, అందుకే తీసుకున్నాను. కొనే రోజున ధర అడుగుతాం, పెరిగాక ఎంతవుతుందో అడగం. కారు విషయంలోనైనా, కుక్కపిల్ల విషయంలోనైనా ఇదే తంతు. మీ దగ్గర అది చేప రూపంలో కళ్లెదుటే పెరిగింది, అంతే తేడా.

సిల్వర్ డాలర్ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పేరు నాణెం మీద పెట్టారు గానీ, పెద్దయ్యాక అది చిన్న పళ్లెం. మీ ఆరింటినీ ముక్కుకి తోక ఆనించి వరుసగా పెడితే 90 సెంటీమీటర్లు అవుతుంది. మీ ట్యాంకు పొడవు 60. ఇవి గుంపుగా ఈదే చేపలు, పైగా పిరికివి. గదిలో ఒక్కసారిగా లైటు వేసి చూడండి, ఆరూ ఒకే వైపు దూసుకెళ్లి అద్దానికి కొట్టుకుంటాయి. పోనీ నాలుగు ఇచ్చేసి రెండు ఉంచుకుందామంటే, ఆ రెండూ బెదిరిపోయి మూలకు నక్కి ఉంటాయి. అంటే ఈ ఖర్చు సగానికి కోసుకునే రకం కాదు. ఉంచుకుంటే కనీసం ఐదారు ఉండాలి, లేదా అసలే వద్దు. పైగా సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతాయి. మీ ఈఎంఐ రెండేళ్లకు అయిపోతుందేమో, చేపల ఖర్చు అక్కడితో ఆగదు.

అసలు మీవి సిల్వర్ డాలర్లేనా? ఎర్ర పొట్ట పాకు అనే చేప పిల్లలు చూడ్డానికి ఇలాగే ఉంటాయి, వీటి పేరుతో అమ్ముడుపోతుంటాయి కూడా. పాకు అయితే రెండడుగులు దాటడం మామూలే, అప్పుడు మీ ఆరడుగుల ట్యాంకు కూడా చాలదు. చేపల సంగతి బాగా తెలిసిన వాళ్లెవరికైనా ఒక ఫొటో చూపించండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక నేను ప్రతిసారీ మొత్తుకునే మాటకు వస్తాను. మీ దగ్గరున్నది ఒక్క నెల డబ్బు. ఆరు నెలల ఖర్చులు విడిగా ఉండాలి, అదీ అడిగిన రోజునే చేతికందేలా. మీ డిపాజిట్ అందులో ఆరో వంతు. ఇప్పుడు దాన్నే తీసి ట్యాంకు కొంటానంటున్నారు!

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే 680 కిలోలు. అద్దం, స్టాండు, గులకరాళ్లు దానికి అదనం. మేడ మీద పెట్టేటట్టయితే నేల మోస్తుందో లేదో ముందు ఇంజనీరుని అడగాలి. వారానికి పావు వంతు నీళ్లు మార్చినా ప్రతిసారీ 170 లీటర్లు. వీటి పెంటకు తట్టుకునే పెద్ద ఫిల్టర్, హీటర్, కరెంటు పోతే ఆక్సిజన్ కోసం బ్యాటరీ పంపు, ఇవి లేకుండా కుదరదు. నా ఇంట్లోనూ ఒక ట్యాంకు ఉంది. ఒక రాత్రి హీటర్ ఆగకుండా పనిచేస్తూనే ఉండిపోయింది. తెల్లారేసరికి నీళ్లు స్నానానికి తోడినంత వెచ్చగా, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని. ఆ వారమే కొత్త హీటర్, విడిగా థర్మోస్టాట్ కొన్నాను. విడిగా దాచిన డబ్బు ఉంది కాబట్టి అది నాకు చిన్న చికాకుతో పోయింది. కార్డు నిండా ఈఎంఐలు ఉన్నవాడికి అదే మూలిగే నక్క మీద తాటిపండు.

ఈఎంఐ సంగతి నన్ను అడక్కుండా ఉండాల్సింది. పాత ట్యాంకు బాకీ తీరకుండానే కొత్త ట్యాంకు అప్పా? కార్డు బకాయి మీద నెలకు 3 శాతం పడితే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. అంత వడ్డీని కప్పేసే రాబడి ఏ మదుపులోనూ ఖాయంగా రాదు. వడ్డీ లేని ఈఎంఐ అంటారా? ఒక్క వాయిదా తప్పనివ్వండి, వడ్డీ ఎలా ఉంటుందో వాళ్లే చూపిస్తారు.

మరి చేపలు? రెండడుగుల ట్యాంకులో మీరు డబ్బు కూడబెట్టేదాకా అవి ఆగలేవు. అందుకే నా సలహా కాస్త కష్టంగానే ఉంటుంది: పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఆరింటినీ కలిపి ఇచ్చేయండి. చెరువులోనో కాలవలోనో మాత్రం వదలకండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే, ఎవరో వాడి వదిలేసిన నాలుగడుగుల ట్యాంకు వెతకండి. మీ జీతంలో మిగిలిన దానితో, నగదు ఇచ్చి కొనగలిగితేనే. నాలుగడుగులు ఈ గుంపుకి కనీస అవసరమే, విశాలమేమీ కాదు.

ఆ తర్వాత ముందు కార్డు బకాయి, దాని వెనకాల ఆరు నెలల నిధి. కొత్త మదుపులు అంతవరకు ఆపేయండి. బీమా రెండూ ఉన్నాయన్నారు, ప్రీమియం తప్పనివ్వకండి.

ఆస్కార్లను ఇప్పుడు తలచుకోకండి. పెద్ద సిల్వర్ డాలర్లతో అవి కలిసి బతకగలవు, నిజమే. కానీ ఒక్కొక్కటి 30 సెంటీమీటర్లవుతుంది, ఫిల్టర్ మీద భారం ఎక్కడికో పోతుంది. రేపెప్పుడైనా ఆరడుగుల ట్యాంకు సొంత డబ్బుతో వస్తే సెవెరమ్, జియోఫాగస్, పెద్ద ప్లెకో లాంటి చేపలు చూసుకోవచ్చు. నియాన్లు, గప్పీల్లాంటి చిన్న చేపలు మళ్లీ వేయొద్దు. మొక్కల మీద ఇంకో పైసా పెట్టొద్దు, ఎంత ఖరీదైనదైనా వీటికి అది మేతే. మీ ట్యాంకులో ఆకులు పోయి ఈనెలు మాత్రమే మిగిలి ఉంటాయని పందెం వేస్తాను.

ఇంకొకటి, ట్యాంకుకి మూత ఉందో లేదో రాయలేదు. ఇవి బెదిరితే ఎగిరి బయట పడతాయి. లేకపోతే ఇవాళే ఏదో ఒకటి కప్పండి, గాలి ఆడేలా.