తమ్ముడు అమెరికా నుంచి మ్యాక్ తెస్తానంటున్నాడు, తీసుకోవాలా?

ప్రశ్న: మేం మల్కాజ్‌గిరిలో ఉంటాం. మావారు బేగంబజార్‌లో రెండు మూడు షాపులకి అకౌంట్స్ రాస్తారు, రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చేసుకుంటారు. పాత ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికే పది నిమిషాలు పడుతోంది. పాప ఈ ఏడు ఇంజనీరింగ్‌లో చేరుతుంది, కౌన్సెలింగ్ ఇంకా అవ్వలేదు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు వచ్చేటప్పుడు మ్యాక్‌బుక్ ఎయిర్ తెస్తా, డబ్బులు మెల్లిగా ఇద్దువులే అక్కా అంటున్నాడు. మావారు మామూలు విండోస్ చాలంటారు. మా బడ్జెట్ 70 వేలు. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, మీ ఇంటికి విండోసే కొనండి, మీవారి మాటే కరెక్టు. మీ తమ్ముడు చెప్పేది తప్పని కాదు, ఎయిర్ చాలా మంచి మెషీన్, 2020 నవంబర్‌లో ఆపిల్ ఇంటెల్‌ని వదిలి సొంత ఎం1 చిప్ పెట్టినప్పటి నుంచి అందులో ఫ్యాన్ కూడా లేదు, చప్పుడు రాదు, ఛార్జింగ్ రోజంతా వస్తుంది. నెట్, ఫొటోలు, వీడియో కాల్స్ వరకే అయితే నేనూ అదే తీసుకోమందును.

కానీ మీ ఇంట్లో అన్నం పెట్టేది ట్యాలీ, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. పాత ఇంటెల్ మ్యాకుల్లో బూట్ క్యాంప్ అని ఉండేది, దాంతో నేరుగా విండోస్ వేసుకునేవాళ్ళు, ఎం చిప్ వచ్చాక అది పోయింది. ఇప్పుడు మ్యాక్‌లోనే విండోస్ నడిపే ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ డబ్బులు పెట్టి కొని, దాని లోపల ఆర్మ్ విండోస్, అంటే ఎం చిప్ లాంటి ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్, వేసి, దాని మీద ట్యాలీ నడపాలి, నడిచినా అసలు తలనొప్పి డిజిటల్ సిగ్నేచర్ దగ్గర మొదలవుతుంది. మీవారు రిటర్నులకి ఆ సిగ్నేచర్ ఉండే పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్ గుచ్చుతున్నారేమో అడగండి. ఆర్మ్ విండోస్‌లో మామూలు ప్రోగ్రాములు ఎలాగోలా నడుస్తాయి గానీ డ్రైవర్లు, అంటే టోకెన్ లాంటి వస్తువుల్ని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రాములు, అలా కుదరవు, ఆర్మ్ కోసం విడిగా రాసినవే కావాలి, లేకపోతే టోకెన్ గుచ్చినా కంప్యూటర్ గుర్తుపట్టదు. 20వ తారీఖు రాత్రి 3బి జీఎస్టీ రిటర్ను వేస్తూ ఆ అవస్థ పడటం ఎవరికీ వద్దు.

పాప సంగతికొస్తే, సీఎస్ఈ వస్తే రెండూ ఓకే, పైథాన్, జావా, సీ అన్నీ మ్యాక్‌లో హాయిగా చేసుకోవచ్చు. మెకానికల్ వచ్చిందంటే, డిజైన్లు గీసే సాలిడ్‌వర్క్స్ మ్యాక్‌లో రాదు. బ్రాంచ్ తేలకముందే లక్ష రూపాయల వస్తువు కొనడం నాకు నచ్చదు, 2025 మార్చిలో ఎం4 ఎయిర్ వచ్చినప్పుడు ఇక్కడ రేటు 99,900, మీ తమ్ముడు అక్కడ కొంటే కొంత తగ్గొచ్చు, వచ్చేటప్పుడు ఒక ల్యాప్‌టాప్‌కి కస్టమ్స్ డ్యూటీ కూడా ఉండదు, అయినా అది మీ బడ్జెట్‌కి దగ్గరదో కాదో రేటు చూసి చెప్పాలి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి మీవారిని తీసుకునే వెళ్ళండి. ఐ5 గానీ రైజెన్ 5 గానీ, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వచ్చే వేగమైన స్టోరేజ్), ఇంతకంటే తక్కువకి ఒప్పుకోవద్దు. 8 జీబీ ఉంది తర్వాత పెంచుకోవచ్చు అంటారు, అప్పుడు ర్యామ్‌కి స్లాట్ ఉందా, బోర్డుకే అతికించి వచ్చిందా అని అడగండి, సన్నటి మోడల్స్ చాలావాటిలో అతికించే ఉంటుంది, జన్మలో పెరగదు. మరీ చవగ్గా కనిపిస్తే అది విండోస్ లేకుండా డాస్‌తో వస్తోందేమో చూడండి, విండోస్ మళ్ళీ మీరే కొనుక్కోవాలి. సెకండ్ హ్యాండ్ వైపు వెళ్తే ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాతది వద్దు, దాని మీద విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, బ్యాంకు పనులు, జీఎస్టీ లాగిన్లు అలాంటిదాంట్లో చేయకూడదు.

మీ పాతదాన్ని పారేయకండి. పది నిమిషాలు పడుతోందంటే అందులో పాత హార్డ్ డిస్క్ ఉండుంటుంది, ఎస్ఎస్‌డీ మారిస్తే చాలా తేడా వస్తుంది. ట్యాలీ డేటా బ్యాకప్ తీసుకున్నాకే దాన్ని విప్పించండి. షాపుకి వెళ్ళేటప్పుడు ఆ సిగ్నేచర్ టోకెన్ జేబులో వేసుకెళ్ళమనండి, కొత్తదాంట్లో అక్కడే గుచ్చి, డ్రైవర్ ఎక్కి సర్టిఫికెట్ కనిపించాకే బిల్లు కట్టండి.